పెద్దపేగు ఆపరేషన్, రాయలసీమ ఎండలు: ముందే తెలుసుకోవాల్సినవి

అల్సరేటివ్ కోలైటిస్, క్రోన్స్ లాంటి పేగులో పుండ్లు పడే జబ్బులు ముదిరి "ఆపరేషన్ చేయాల్సి రావచ్చు" అని డాక్టరు అనగానే ఇంట్లోవాళ్ళ నోట వచ్చేది ఒకటే మాట: ఇంకేదైనా మందు లేదా సార్? చాలాసార్లు ఉంటుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఉంది, అడాలిముమాబ్ ఉంది, టోఫాసిటినిబ్ బిళ్ళలున్నాయి. అయితే దాంతోపాటు ఇంకోటి కూడా అడగాలి. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది ఎన్ని రోజుల్లో తేలుతుంది? తేలేలోపు ఒంట్లో బలం ఎంత మిగులుతుంది? పేగు జబ్బులో భయపడాల్సింది ఆలస్యమైన ఆపరేషన్‌కి. తేదీ పెట్టుకుని, తిని బలం పుంజుకుని, మలం సంచి ఎక్కడ రావాలో పొట్ట మీద గుర్తు వేయించుకుని వెళ్ళిన మనిషి కోలుకునే తీరు వేరు. పేగు చిల్లిపడి అర్ధరాత్రి టేబుల్ ఎక్కిన మనిషి కోలుకునే తీరు వేరు.

ముందు జబ్బు పేరు తేలాలి. అల్సరేటివ్ కోలైటిస్ పురీషనాళం (మలద్వారానికి పైనుండే పేగు చివరి భాగం) దగ్గర మొదలై పైకి పాకుతుంది, పెద్దపేగు లోపలి పొరను దాటదు. పెద్దపేగునూ పురీషనాళాన్నీ పూర్తిగా తీసేస్తే పేగులో దానికి చోటే ఉండదు. క్రోన్స్ అలా కాదు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడను మొత్తం మందానా తినేస్తుంది. అందులో ఆపరేషన్ అంటే ఇరుకైపోయిన ముక్కనో చిల్లిపడిన ముక్కనో తీయడమే. మిగతా పేగును కాపాడుకుంటూ మందులు వాడుతూనే ఉండాలి. మన దేశంలో మూడో పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి, పేగు టీబీ. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట అచ్చం క్రోన్స్ లాగే పుండ్లు పడతాయి. ముక్క పరీక్షలో (బయాప్సీలో) తేలకపోతే టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్ళీ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. "కొంచెం తేలికగా ఉంది" అన్న మాట మీద ఆధారపడి ఆ రెండో కొలనోస్కోపీ మానేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులకు ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీని పట్టే మాంటూ లేదా ఇగ్రా పరీక్ష చేసేది కూడా ఇందుకే: ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఆ మందులు లేపుతాయి.

ఇక రక్తం పడితే మొలలే అనుకుని, గోడ మీద ఫోన్ నంబరు చూసి క్షారసూత్రాలు (మందు పూసిన దారాలు) కట్టించుకునే అలవాటు ఉందే, అది మన జిల్లాల్లో ఎన్నో నెలలు తినేస్తుంది. రక్తంతో పాటు జిగట, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనం, బరువు తగ్గడం ఉంటే మొలలతో సరిపెట్టుకోకూడదు.

కోలైటిస్ ఒక్కసారిగా ముదిరిందని ఎప్పుడనాలో 1955లోనే ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు వైద్యులు కొలత పెట్టారు. ఇప్పటికీ అదే వాడతారు. రోజుకు ఆరు, అంతకుమించి రక్త విరేచనాలు. వాటితో పాటు నాడి 90 దాటడం, జ్వరం 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడం, రక్తపరీక్షలో వాపును చూపే ఈఎస్ఆర్ 30 దాటడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. అప్పుడు ఇంట్లో బిళ్ళలు వేసుకుంటూ కూర్చోకూడదు, చేరాల్సిందే. సాధారణంగా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 100 మిల్లీగ్రాములు ఆరు గంటలకోసారి నరానికి ఎక్కిస్తారు.

అసలు గీత మూడో రోజు. ఆ రోజుకు ఇంకా ఎనిమిదికి మించి విరేచనాలు అవుతున్నా, మూడు నుంచి ఎనిమిది అవుతూ సీఆర్‌పీ (రక్తంలో వాపును చూపే ఇంకో కొలత) 45 దాటి ఉన్నా, స్టెరాయిడ్ లొంగదీయడం లేదని అర్థం. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడకంలోకి రాకముందు, 1996లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు వేసిన లెక్కలో ఇలాంటి వాళ్ళలో 85 శాతం మందికి అదే విడతలో పెద్దపేగు తీయాల్సి వచ్చింది. ఇప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబో సైక్లోస్పోరినో ఇచ్చి చూస్తారు. దానికీ వారంలోపు లొంగకపోతే సర్జన్ చేతికి అప్పగించడమే మేలు. ఇబ్బంది ఎక్కడంటే, చిన్న ఆసుపత్రిలో అదే స్టెరాయిడ్‌ను పది పన్నెండు రోజులు లాగి, ఇక చేతులెత్తేశాక అంబులెన్స్ ఎక్కించడంలో. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కడప నుంచి తిరుపతి దగ్గరే గానీ అదీ మూడు గంటల దారి. అందుకే మూడో రోజు సాయంత్రం మీరే అడగండి: ఈరోజు సీఆర్‌పీ ఎంత? లొంగకపోతే ఎక్కడికి పంపుతారు, ఎప్పుడు?

ఒక మోసం గురించి జాగ్రత్త. పొట్ట ఉబ్బుతూ విరేచనాల లెక్క తగ్గితే నయమవుతోందని సంబరపడకండి. పేగు కదలిక ఆగిపోయి గాలితో ఉబ్బినా లెక్క తగ్గుతుంది. ఎక్స్‌రేలో అడ్డపేగు, అంటే పెద్దపేగులో అడ్డంగా ఉండే భాగం, వెడల్పు 6 సెంటీమీటర్లు దాటితే చిల్లిపడే ప్రమాదం దగ్గరికి వచ్చినట్టే. ఈ స్థితిలో లోపెరమైడ్ లాంటి విరేచనాలు కట్టే బిళ్ళలు అస్సలు వేయకూడదు. ఒళ్ళు నొప్పులని డైక్లోఫెనాక్ సూది కూడా వద్దు.

తీరిగ్గా తేదీ పెట్టుకునే ఆపరేషన్లకు కారణాలు వేరు: స్టెరాయిడ్ తగ్గించినప్పుడల్లా జబ్బు తిరగబెట్టడం, కొలనోస్కోపీలో కేన్సర్‌కు ముందు మార్పులు కనిపించడం, క్రోన్స్‌లో పేగు సన్నబడి తిన్నది దిగకపోవడం. వీటికి సాధారణంగా నాలుగైదు వారాల వ్యవధి దొరుకుతుంది. దాన్ని వృథా చేయకూడదు.

మొదట స్టెరాయిడ్. ప్రెడ్నిసోలోన్ రోజుకు 20 మిల్లీగ్రాములో అంతకు మించో ఆరు వారాలకు పైగా వాడుతున్నవాళ్ళకు కుట్లు మానడం కష్టమవుతుంది, పేగు అతుకు కారే అవకాశం పెరుగుతుంది. వీలైనంత తగ్గించి టేబుల్ ఎక్కాలి. అలాగని సొంతంగా ఆపేశారో, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోవడం మానేసి ఉంటుంది మరి. ఆపరేషన్ రోజు ఎంత ఇవ్వాలో మత్తు డాక్టరు చూసుకుంటారు. ఎంత మోతాదు, ఎన్నాళ్ళుగా వాడుతున్నారన్నది కాగితం మీద రాసిస్తే చాలు.

రెండోది తిండి. ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గినా, రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు 3 గ్రాముల లోపుకు దిగినా, వారం పది రోజులు ఆపరేషన్ వాయిదా వేసైనా బలం ఎక్కించమంటారు. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములు. వంద గ్రాముల వండిన కోడిమాంసంలో 25 దాకా ఉంటాయి. వంద గ్రాముల పెరుగులో మూడు చిల్లర. పథ్యం పేరుతో చారన్నం, బ్రెడ్డు పెట్టి పడుకోబెడితే ఈ లెక్క ఎక్కడికి అందుతుంది? పేగు ఇరుకైనవాళ్ళకు ద్రవాహారంగానే ఇవ్వాల్సి రావచ్చు. రక్తం తక్కువుంటే ఐరన్ బిళ్ళలకన్నా నరానికి ఎక్కించే ఐరన్ మేలు. బిళ్ళలు వాచిన పేగును ఇంకా చిరాకు పెడతాయి, ఒంటికి పట్టేదీ తక్కువే. బీడీ, సిగరెట్టు కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. క్రోన్స్ ఉన్నవాళ్ళు శాశ్వతంగా మానాలి. పొగ తాగేవాళ్ళకు అతుకు దగ్గర జబ్బు తిరిగి రావడం బాగా ఎక్కువ.

పేగు జబ్బు ముదిరినవాళ్ళకు కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువని చాలామందికి తెలియదు. ఆసుపత్రిలో ఇచ్చే ఎనోక్సాపారిన్ సూది అందుకే. "విరేచనంలో రక్తం పడుతుంటే రక్తం పలచన చేసే సూదా" అని బంధువులు అడ్డుపడటం మామూలే. అడ్డుపడకండి. ఇంటికెళ్ళాక కూడా కొనసాగించాలా అని మాత్రం డిశ్చార్జి రోజు అడగండి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం. మలం బయటికి రావడానికి పొట్ట మీద పెట్టే దారి, అంటే స్టోమా, ఎక్కడ వస్తుందన్నది ఆపరేషన్‌కు ముందే పెన్నుతో గుర్తు వేయించుకోవాలి. చిన్నపేగు చివరను బయటికి తెచ్చే ఇలియోస్టమీ మామూలుగా బొడ్డుకు కుడివైపు కింద వస్తుంది. కండరం మధ్యలోంచి రావాలి, చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల చదును ఉండాలి, బొడ్డుకూ పాత కుట్లకూ తుంటి ఎముకకూ దూరంగా ఉండాలి. పడుకుని చూస్తే ప్రతి పొట్టా చదునే. కూర్చుంటే మడత పడుతుంది, ముందుకు వంగితే ఇంకోటి పడుతుంది. స్టోమా సరిగ్గా ఆ మడతలోకి వచ్చిందంటే మలం పట్టడానికి దాని మీద అంటించే సంచి ఎంత ఖరీదైనదైనా అంచులోంచి కారుతూనే ఉంటుంది. అందుకే పడుకుని, కూర్చుని, నిలబడి, వంగి, గొంతుక్కూర్చుని ఐదు భంగిమల్లో చూసి గుర్తు వేయమనండి. పంచె ముడి, లంగా నాడా, ప్యాంటు బెల్టు ఎక్కడికి వస్తాయో ఆ బట్టలు వేసుకునే వెళ్ళి చూపించండి. పొలంలో వంగి కలుపు తీసేవాళ్ళు, నమాజులో సజ్దా చేసేవాళ్ళు, రోజంతా బండి నడిపేవాళ్ళు ఆ సంగతి నోరు తెరిచి చెప్పాలి. గుర్తు పడ్డ చోటు మీ కళ్ళకు మీకే కనబడాలి. పొట్ట పెద్దదైతే కిందికి వేసిన గుర్తు కనబడదు, అప్పుడు కొంచెం పైకి జరపమనాలి. స్టోమా నర్సు ఉన్నచోట అడిగి ఒక సంచి తెచ్చుకుని, సగం నీళ్ళు పోసి, గుర్తు మీద అంటించుకుని ఒక పూట ఇంట్లో తిరగండి. ఎక్కడ గుచ్చుకుంటుందో ఎక్కడ జారుతుందో ఆ పూటలోనే తెలిసిపోతుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఇవేవీ కుదరవు.

ఆపరేషన్ గురించి క్లుప్తంగా. బలహీనంగా ఉన్న కోలైటిస్ రోగికి మొదట పెద్దపేగు తీసి, పురీషనాళాన్ని లోపలే మూసి ఉంచి, ఇలియోస్టమీ పెడతారు. ఆ మిగిలిన మొదలు నుంచి కింది దారిన జిగట, కొద్దిగా రక్తం వస్తూనే ఉంటాయి. చెప్పకపోతే కుట్లు తెగాయనుకుని హడలిపోతారు. కోలుకున్నాక కావాలంటే పురీషనాళం తీసి, చిన్నపేగు చివరను 15 నుంచి 20 సెంటీమీటర్ల మేర మడిచి కుట్టి, జె ఆకారపు సంచిలా చేసి మలద్వారానికి కలుపుతారు. పార్క్స్, నికోల్స్ 1978లో ప్రచురించిన పద్ధతికి తరువాతి రూపం ఇది. అది మానేదాకా తాత్కాలిక స్టోమా, రెండు మూడు నెలలకు అదీ మూసేస్తారు. ఆ తర్వాత రోజుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వెళ్ళాల్సి ఉంటుంది. పాత రోజులు తిరిగొస్తాయనుకుంటే నిరాశే. ఆగలేని తొందర మాత్రం చాలామందికి పోతుంది. లోపలి సంచి వాచి మళ్ళీ విరేచనాలు పెరగడం మామూలుగా చూసేదే, సిప్రోఫ్లాక్సాసిన్‌కో మెట్రోనిడజోల్‌కో తగ్గుతుంది. క్రోన్స్ అయితే సాధారణంగా ఈ పద్ధతి జోలికి వెళ్ళరు. పెళ్ళి కావాల్సిన, పిల్లలు కనాల్సిన ఆడవాళ్ళకు ఒక మాట: కటి లోపల చేసే ఈ రెండో ఆపరేషన్ తర్వాత గర్భం దాల్చే అవకాశం తగ్గుతుంది. అందుకని మొదటి దశతో ఆగి, కాన్పులయ్యాక మిగతాది చేయించుకునేవాళ్ళున్నారు. ఈ నిర్ణయం అమ్మాయి పక్కన లేకుండా పెద్దవాళ్ళు వరండాలో తీసుకునేది కాదు.

స్టోమా పెదవి లోపలి రంగులో, తడిగా, ఎర్రగా ఉండాలి. తాకితే నొప్పి ఉండదు, తుడిచేటప్పుడు కాస్త రక్తం అంటడం మామూలే. ఊదాగానో నల్లగానో మారితే రక్తం అందడం లేదని అర్థం, గంటల్లో చూపించాలి. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వాపు తగ్గి చిన్నదవుతుంది కాబట్టి వారానికోసారి కొలిచి, బేస్ ప్లేట్ (సంచిని చర్మానికి పట్టి ఉంచే జిగురు బిళ్ళ) రంధ్రాన్ని స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. ఆసుపత్రిలో కత్తిరించిన కొలతే మూడు నెలలు వాడితే చుట్టూ చర్మం బయటపడి, చిన్నపేగు రసాలకు కాలినట్టు పుండవుతుంది. పెద్దపేగు స్టోమాకన్నా ఇలియోస్టమీలో ఈ బాధ చాలా ఎక్కువ, జీర్ణ రసాలు నేరుగా వచ్చి పడతాయి కనుక. మూడు నాలుగు రోజులకోసారి, పొద్దున్నే కాఫీ కూడా తాగకముందు మార్చండి, అప్పుడు రావడం తక్కువ. గోరువెచ్చటి మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ప్లేటు అంటించి అరచేతితో రెండు నిమిషాలు అదిమి పట్టుకోవాలి. ఒంటి వేడికి జిగురు పట్టుకుంటుంది. డెట్టాల్ వద్దు. కొబ్బరినూనె అసలే వద్దు, దాని మీద ఏ జిగురూ నిలవదు. చర్మం చెమ్మగిల్లి ఉంటే స్టోమా పొడి చల్లి, మిగులు దులిపేశాకే ప్లేటు పెట్టాలి. కొట్లో అడిగేటప్పుడు కింద తెరిచి ఖాళీ చేసుకునే రకమే అడగండి, మూసిన సంచి ఇలియోస్టమీకి పనికిరాదు. రెండు ముక్కల రకమైతే రింగు కొలత కలవాలి, 57 ప్లేటుకు 57 సంచే ఎక్కుతుంది. మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. బరువెక్కితే లాగి ప్లేటునే ఊడదీస్తుంది. నేల మీది దొడ్డిలో అయితే ముందు చెంబుడు నీళ్ళు పోసుకుని, సంచి మూతిని ఒక మడత బయటికి తిప్పి వదిలితే చిందదు, మూతీ శుభ్రంగా ఉంటుంది.

సంచులను బండి డిక్కీలోనో ఎండలో నిలిపిన కారులోనో పెట్టకండి. ఏప్రిల్, మే నెలల వేడికి జిగురు సాగిపోతుంది. చెమటకు ప్లేటు తొందరగా ఊడుతుంది కూడా. వేసవిలో రెండు రోజులకోసారి మార్చాల్సి వస్తే అదేమీ మీ తప్పు కాదు, ఆ లెక్కన నిల్వ పెట్టుకోండి.

ఎండల మాట వచ్చింది కాబట్టి, ఇలియోస్టమీ ఉన్న మనిషిని మళ్ళీ ఆసుపత్రికి చేర్చే మొదటి కారణాల్లో ఒకటి నీరు, ఉప్పు పోవడం. నీటినీ ఉప్పునూ తిరిగి పీల్చుకునేది పెద్దపేగు, అదిప్పుడు లేదు. కుదురుకున్నాక రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్లు రావడం మామూలు. లీటరున్నర దాటితే ప్రమాదం. డిశ్చార్జి అయిన మొదటి నెల కొలత జగ్గు పెట్టుకుని రోజూ రాయండి. దాహం వేస్తోందని బిందెలకు బిందెలు మామూలు నీళ్ళు తాగితే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఉప్పులేని నీరు చిన్నపేగులోకి దిగగానే ఒంట్లోని ఉప్పు అందులోకి ఊరుతుంది, రెండూ కలిసి సంచిలోకి పోతాయి. తాగేకొద్దీ దాహం, తాగేకొద్దీ సంచి నిండటం. పిక్కలు పట్టేయడం, లేస్తే కళ్ళు తిరగడం, మూత్రం ముదురు పసుపై తగ్గడం దీని గుర్తులు. స్పాట్ యూరిన్ సోడియం అనే పరీక్షలో 20 కన్నా తక్కువ వస్తే ఒంట్లో ఉప్పు అడుగంటిందని తేల్చుకోవచ్చు. ఖరీదైన పరీక్ష కాదు, డాక్టరును అడిగి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్‌తో పాటు చేయించండి.

మామూలు రోజుల్లో లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ పొట్లం సరిపోతుంది. పొట్లాన్ని గ్లాసుకింత చొప్పున అందాజుగా కలపకండి, లీటరుకు ఒకటి మొత్తం. సంచిలోకి ఎక్కువ పోతున్నప్పుడు ఇంకాస్త ఉప్పు ఉన్న ద్రావణం వాడతారు: లీటరు నీళ్ళకు గ్లూకోజ్ 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, తినే సోడా 2.5 గ్రాములు. చిన్న ఎలక్ట్రానిక్ కాటాతో తూచండి, చెంచాల కొలత చేతిని బట్టి మారుతుంది. రుచి బాగుండదు. చల్లగా చేసి కొద్దికొద్దిగా తాగాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. అట్టపెట్టె డబ్బాల్లో అమ్మే తియ్యటి పండ్ల పానీయాలు దీనికి బదులు కావు, చక్కెర ఎక్కువై ఇంకా కారుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ మంచిదే. డాక్టరు రాసిస్తే లోపెరమైడ్‌ను అన్నానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సగం లాభమే.

రంజాన్ ఉపవాసం, శివరాత్రి నిర్జల ఉపవాసం ఇలియోస్టమీతో చేయదగ్గవి కావు. జబ్బు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉందని ఏ ఇమామైనా చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ మాట ఇమాము నోటి నుంచే వినిపిస్తే వాదన ఉండదు.

తిండికి మన సీమ వంటలు సగం అనుకూలం, సగం గండం. మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు, సగ్గుబియ్యం, బొరుగులు సంచిలోకి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి. కాబట్టి ఉగ్గాని తినొచ్చు, పచ్చిమిర్చి తగ్గించి, పక్కన బజ్జి లేకుండా. రాగి సంగటి మొదటి ఆరు వారాలు ఆగి, తర్వాత బియ్యం వంతు ఎక్కువ వేసి పలచగా మొదలుపెట్టండి. చెనిక్కాయలు, పచ్చి కొబ్బరి, మొక్కజొన్న, పీచు ముదిరిన గోంగూర, మునక్కాయ పైతొక్క, బత్తాయి తొనల మీది పొర మొదటి రెండు నెలలు ముట్టకూడదు. వాపు ఇంకా తగ్గని స్టోమా మూతి దగ్గర ఇవి ఉండచుట్టుకుని అడ్డం పడతాయి. ఊరిబిండి మీద మనసు లాగితే చెనిక్కాయలు వేయించి మెత్తటి ముద్దగా నూరి, రెండు నెలల తర్వాత చెంచాతో మొదలు. అడ్డం పడితే నాలుగు నుంచి ఆరు గంటలు సంచిలోకి ఏమీ రాదు, లేదా వాసన కొట్టే పలచటి నీరు మాత్రమే వస్తుంది, పొట్ట మెలిపెడుతుంది. బిగుతు బట్టలు వదిలి, పడుకుని మోకాళ్ళు పొట్టకు తెచ్చి, స్టోమా చుట్టూ మెల్లగా రుద్ది చూడండి. వాంతి లేకపోతే వేడి ద్రవం గుటకలు తీసుకోవచ్చు. వాంతి మొదలైతే నోటికి ఏమీ ఇవ్వకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. విరేచనం అయ్యేలా చేసే మందు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

నీళ్ళు మోయడం గురించి ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె దానికి రెండు మూడింతలు ఉంటుంది. స్టోమా పక్కన కండరం చీలి పేగు ఉబికితే మళ్ళీ ఆపరేషనే.

బిళ్ళల సంగతి మెడికల్ షాపులో చెప్పేవాళ్ళు తక్కువ. మెల్లగా కరిగే పూత ఉన్న బిళ్ళలు, షుగరుకు వాడే ఎస్ఆర్ రకం సహా, ఇలియోస్టమీలో కరగకుండానే సంచిలో తేలవచ్చు. తేలితే ఫోటో తీసి డాక్టరుకు చూపించి మామూలు రకానికి మార్పించుకోండి. క్రోన్స్‌లో చిన్నపేగు చివరి భాగం తీసినవాళ్ళకు బి12 ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, అప్పుడు సూదిగా తీసుకోవాలి. ఎన్నాళ్ళకోసారి అన్నది ఎంత పొడవు తీశారన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆపరేషన్ నోట్సులో సెంటీమీటర్ల లెక్క ఉందో లేదో డిశ్చార్జి రోజే చూసుకోండి. లేకపోతే రాయించుకోండి. వాళ్ళకే ఇంకో తేదీ కూడా కాగితం మీద ఉండాలి: ఆరు నెలల నుంచి సంవత్సరం లోపు కొలనోస్కోపీ. అతుకు దగ్గర జబ్బు తిరిగి మొదలైతే నొప్పి రాకముందే అందులో కనిపిస్తుంది, మందు మార్చడానికి అప్పుడే సమయం.